లైవ్ వీడియో ఎక్కడ ఆగుతోంది? ఇంటి సీసీ కెమెరాల సమస్యను విడదీసి చూద్దాం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పెద్దవాళ్లిద్దరే ఇంట్లో ఉండి, పిల్లలు హైదరాబాద్‌లోనో అంతకంటే దూరానో ఉంటున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇళ్లలో సీసీ కెమెరాను దొంగల భయంతోనే పెట్టించుకున్నా, కాలం గడిచేకొద్దీ దాని పని మారిపోయింది. అమ్మ పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చిందా, నాన్న బావి దగ్గరి నుంచి చీకటి పడకముందే తిరిగొచ్చాడా అన్నది కొడుకో కూతురో పట్నం నుంచి చూసుకునేది ఆ కెమెరాలోనే. అందుచేత యాప్ తెరిచినప్పుడు బొమ్మ రాకుండా చక్రం తిరుగుతూ ఉండిపోతే, లేదా ‘డివైస్ ఆఫ్‌లైన్’ అన్న మాట కనబడితే, దాన్ని చిన్న ఇబ్బందిగా ఎవరూ తీసుకోలేరు. ఆ కంగారులో చాలామంది నెట్ ప్లాన్ పెంచుకుంటారు, లేకపోతే కెమెరానే మార్పిస్తారు. రెండూ ఖర్చుతో కూడిన పనులు. రెండూ చాలాసార్లు అసలు లోపం జోలికే వెళ్లవు.

కెమెరా లెన్సు నుంచి ఫోన్ తెర దాకా దృశ్యం అనేక మజిలీలు దాటి రావాలి. కెమెరాకు సరైన కరెంటు అందాలి, అది తీసిన బొమ్మ తీగ మీదో వైఫై మీదో రికార్డరుకు లేదా రౌటరుకు చేరాలి, రౌటర్ నుంచి ఫైబర్ ద్వారా ఊరు దాటాలి, కెమెరా కంపెనీ సర్వర్ సాయంతో మీ ఫోన్ ఎక్కడుందో తెలుసుకోవాలి, చివరికి మీ ఫోన్ దాన్ని విప్పి చూపించాలి. సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు రాకపోతే రైతు కాలువ వెంట నడిచి ఎక్కడ ఆగాయో చూస్తాడే తప్ప మోటారు మార్చుకోడు. ఇక్కడ చేయవలసిందీ అదే. లోపం ఏ మజిలీలో ఉందో తేల్చుకున్నాకే డబ్బు సంగతి ఆలోచించాలి. అలా తేల్చుకోవడానికి ప్రత్యేకమైన పరికరాలు అక్కరలేదు, ఎందుకంటే ఒక్కో మజిలీలో వచ్చే లోపానికి ఒక్కో రకమైన లక్షణం ఉంటుంది.

మొదట మూడు చోట్ల చూడాలి

డీవీఆర్, అంటే కెమెరాల బొమ్మలను రికార్డ్ చేసే పెట్టె, ఉన్న ఇంట్లో మొదటి పరీక్ష దానికి తగిలించిన టీవీ లేదా మానిటర్ మీద చేయాలి. అక్కడ బొమ్మ నిలకడగా, స్పష్టంగా ఉంటే కెమెరా, దాని తీగ, దాని కరెంటు బాగున్నట్టే. అక్కడే బొమ్మ గీతలు పడుతూ ఉన్నా, ‘వీడియో లాస్’ అని వస్తున్నా ఇంటర్నెట్‌ను తప్పుపట్టి లాభం లేదు, ఎందుకంటే కెమెరా నుంచి డీవీఆర్ దాకా వచ్చే ఆ నల్ల కేబుల్‌కు నెట్‌తో ఏ సంబంధమూ లేదు. రెండో పరీక్ష ఇంట్లో ఉన్నవాళ్ల ఫోన్‌ను ఇంటి వైఫైకి కలిపి అదే యాప్‌లో చూడటం. మూడోది అదే ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద చూడటం.

మానిటర్ మీద బాగుండి వైఫైలో చెడితే లోపం డీవీఆర్‌కూ రౌటర్‌కూ మధ్య, లేదా రౌటర్‌కూ ఫోన్‌కూ మధ్య ఉంది. వైఫైలో బాగుండి మొబైల్ డేటాలో చెడితే లోపం ఇల్లు దాటిన తర్వాత ఉంది. రెండింట్లోనూ బాగుండి హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లో మాత్రమే రాకపోతే ఆ ఫోన్‌నో, అతడున్న చోటి నెట్‌నో చూసుకోవాలి. ఈ పరీక్షను ఊరి నుంచి పెద్దవాళ్లు ఫోన్‌లో చెప్తూ చేయగలరు. పదిహేను నిమిషాలు పట్టదు, కానీ సగం అనుమానాలు అక్కడికక్కడే తొలగిపోతాయి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: డీవీఆర్ లేకుండా నేరుగా వైఫై మీద పనిచేసే కెమెరాల్లో కొన్నింటి యాప్‌లు, ఫోన్ ఇంట్లోనే ఉన్నా, ముందు కంపెనీ సర్వర్‌ను సంప్రదించిన తర్వాతే బొమ్మ చూపిస్తాయి. కాబట్టి అలాంటి కెమెరాల విషయంలో రెండో పరీక్ష ఫలితాన్ని కొంచెం ఆచితూచి తీసుకోవాలి.

ప్లాన్‌లో రాసే వేగం వేరు, కెమెరాకు కావలసిన వేగం వేరు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ‘మాకు 40 ఎంబీపీఎస్ నెట్ ఉంది, సినిమాలు ఆగకుండా వస్తాయి, కెమెరా మాత్రం రాదు’ అనే మాట తరచుగా వినబడుతుంది. ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్ల డేటా కదులుతుందో చెప్పే కొలత. సినిమా బయటి నుంచి ఇంటికి వస్తుంది, అది డౌన్‌లోడ్. కెమెరా బొమ్మ ఇంటి నుంచి బయటికి వెళ్లాలి, అది అప్‌లోడ్. ఈ రెండు వేగాలూ ఒకటే కావాలని లేదు. పాత టెలిఫోన్ తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌లో డౌన్‌లోడ్ 24 ఎంబీపీఎస్ దాకా వెళ్లగలిగినా అప్‌లోడ్ సుమారు 1 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోయేది. 5జీ సిగ్నల్‌తో నడిచే ఇంటి నెట్‌లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. అక్కడ టవర్ ఒకే తరంగాన్ని వంతులు వేసుకుని రెండు దిశలకూ వాడుతుంది, ఆ వంతుల్లో పెద్ద వాటా డౌన్‌లోడ్‌కే పోతుంది. ఫైబర్ ఈ విషయంలో మేలు. అయినా కొన్ని ప్లాన్లలో అప్‌లోడ్‌ను విడిగా తగ్గించి ఇస్తారు కాబట్టి అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. 2 మెగాపిక్సెల్ కెమెరా ఒకటి, హెచ్.264 పద్ధతిలో బొమ్మను కుదించి పంపేటప్పుడు, సెట్టింగును బట్టి 2 నుంచి 4 ఎంబీపీఎస్ తీసుకుంటుంది. 2013లో వచ్చిన హెచ్.265 పద్ధతిలో దాదాపు అంతే నాణ్యతకు సుమారు సగం చాలు. నాలుగు కెమెరాలను ఒకే తెర మీద పూర్తి నాణ్యతతో తెరిస్తే, ఒక్కోటి 4 చొప్పున, 16 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి. అంతటితో అయిపోదు. హైదరాబాద్ నుంచి కొడుకు, మిర్యాలగూడ నుంచి కూతురు ఒకేసారి చూస్తే డీవీఆర్ ఎక్కువ సందర్భాల్లో ఇద్దరికీ రెండు వేర్వేరు ప్రతులు పంపుతుంది, అంటే 16 కాస్తా 32 అవుతుంది. అదే వేళకు ఇంట్లో ఎవరి ఫోనో పెళ్లి ఫొటోలను క్లౌడ్‌లోకి ఎక్కిస్తూ ఉంటే మిగిలిన దారి కూడా మూసుకుపోతుంది. పండుగకు అందరూ ఇంటికి చేరిన రోజుల్లో కెమెరా సతాయించడానికి చాలాసార్లు కారణం ఇదే.

దీనికి మందు కెమెరా సెట్టింగుల్లోనే ఉంది. దాదాపు ప్రతి కెమెరా రెండు ధారలు తయారు చేస్తుంది. రికార్డింగ్‌కు పనికొచ్చే పెద్దదాన్ని మెయిన్ స్ట్రీమ్ అనీ, ఫోన్‌లో చూడటానికి సరిపోయే చిన్నదాన్ని సబ్ స్ట్రీమ్ అనీ అంటారు. సబ్ స్ట్రీమ్‌ను 512 కేబీపీఎస్, అంటే దాదాపు అర ఎంబీపీఎస్, దగ్గర పెడితే నాలుగు కెమెరాలూ కలిపి 2 ఎంబీపీఎస్‌తో సరిపెట్టుకుంటాయి. యాప్‌లో ‘హెచ్‌డీ’, ‘ఎస్‌డీ’ అనో, ‘క్లియర్’, ‘ఫ్లూయెంట్’ అనో కనిపించే మీట ఈ రెండింటి మధ్య మార్చేదే. వాకిట్లో ఎవరున్నారో చూసుకోవడానికి చిన్న ధార చాలు. ముఖం పోల్చుకోవాలన్నప్పుడు పెద్దదానికి మారవచ్చు. డీవీఆర్‌లో ఎలాగూ పెద్ద ధారే రికార్డవుతుంది కాబట్టి ఇందులో పోయేదేమీ లేదు. నా అభిప్రాయంలో కెమెరాలు బిగించే వాళ్లు పని ముగించి వెళ్లేముందు ఇంటివాళ్లకు తప్పకుండా చూపించవలసిన మీట ఇదొక్కటే, కానీ చూపించేవాళ్లు తక్కువ.

వేగాన్ని కొలిచేటప్పుడు కూడా పద్ధతి ఉంది. రౌటర్ పక్కనే నిలబడి, సమస్య వచ్చే వేళకే, అంటే రాత్రి ఎనిమిదింటికి చెడుతుంటే రాత్రి ఎనిమిదింటికే, స్పీడ్ టెస్ట్ చేయాలి. అందులో అప్‌లోడ్ అంకెను రాసుకోవాలి. పొద్దున పదింటికి వచ్చిన మంచి అంకె రాత్రి సంగతి చెప్పదు. నెల చివరి రోజుల్లోనే నెమ్మదిస్తుంటే ప్లాన్‌లోని డేటా పరిమితి దాటిందేమో చూడాలి. క్లౌడ్‌లో ఎడతెగకుండా రికార్డ్ చేసే కెమెరా 1 ఎంబీపీఎస్ చొప్పున పంపినా రోజుకు 10.8 జీబీ, నెలకు 324 జీబీ వాడేస్తుంది. అలాంటివి నాలుగుంటే ఎంత పెద్ద పరిమితైనా కరిగిపోతుంది.

వేగం ఉన్నా బొమ్మ ఆలస్యంగా ఎందుకు వస్తుంది

అప్‌లోడ్ సరిపోయినా యాప్ తెరిచిన అయిదారు సెకన్ల దాకా తెర నల్లగా ఉండటం, లేదా బూడిదరంగు మరకలతో మొదలై నెమ్మదిగా తేటపడటం చాలామంది చూసే ఉంటారు. దీని వెనుక కుదింపు పద్ధతి ఉంది. కెమెరా సెకనుకు 25 బొమ్మలు తీసినా ఆ ఇరవై అయిదింటినీ పూర్తిగా పంపదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ పంపి, తర్వాత వచ్చేవాటిలో మారిన భాగాన్ని మాత్రమే పంపుతుంది. ఆ పూర్తి బొమ్మను ఐ-ఫ్రేమ్ అంటారు. ఫోన్ చూపించడం మొదలుపెట్టాలంటే ముందు ఒక ఐ-ఫ్రేమ్ చేతికి రావాలి. 50 బొమ్మలకొకటి చొప్పున పెడితే రెండు సెకన్లకొకటి వస్తుంది, అంతవరకు నష్టం లేదు. అయితే డిస్కులో చోటు ఆదా చేయడానికి ‘స్మార్ట్ కోడెక్’ అనీ, హెచ్.265 పక్కన ప్లస్ గుర్తుతోనూ ఉండే సెట్టింగులు, ఎదుట కదలిక లేనప్పుడు ఈ ఎడాన్ని బాగా పెంచేస్తాయి. అప్పుడు చూసేవాళ్లు తదుపరి పూర్తి బొమ్మ కోసం కాచుకోవలసి వస్తుంది. దారిలో ఒక్క ఐ-ఫ్రేమ్ చెడితే, ఇంకో ఐ-ఫ్రేమ్ వచ్చేదాకా ఆ తర్వాతి బొమ్మలన్నీ చెదిరిపోయి కనబడతాయి. లైవ్ చూడటమే ముఖ్యమైన ఇంట్లో ఈ స్మార్ట్ సెట్టింగును ఆపేసి, ఐ-ఫ్రేమ్ ఎడాన్ని 50 దగ్గర ఉంచడం మంచిది. రికార్డింగ్ నిలిచే రోజులు కొన్ని తగ్గుతాయి. ఆ బేరం ఇష్టపూర్వకంగా చేసుకోవలసినదే.

పాత ఫోన్లలో ఇంకో చిక్కు ఉంటుంది. హెచ్.265ను విప్పే ఏర్పాటు చిప్‌లో లేని ఫోన్, ఆ పనిని సాఫ్ట్‌వేర్‌తో చేయబోయి వేడెక్కుతుంది, నత్తనడక నడుస్తుంది. ఒకే ఇంట్లో కొత్త ఫోన్‌లో బాగా వచ్చి నాన్న పాత ఫోన్‌లో మాత్రం ఆగుతుంటే సబ్ స్ట్రీమ్‌ను హెచ్.264కు మార్చి చూడాలి. ఫోన్‌లో బ్యాటరీ సేవర్, డేటా సేవర్, వీపీఎన్ వంటివి నడుస్తున్నాయేమో కూడా ఒకసారి చూడాలి.

రాతి గోడల ఇంట్లో వైఫై

దక్షిణ తెలంగాణ ఊళ్లలో పాత ఇళ్లకు రాతి గోడలు మూరెడు మందంతో ఉంటాయి. కొత్త ఇళ్లకు ఇనుప ఊచలతో స్లాబు, పిల్లర్లు. వైఫైకి రెండూ శత్రువులే. రౌటర్ ముందు గదిలో టీవీ పక్కన ఉంటుంది, కెమెరా ప్రహరీ గోడ చివర గేటు మీద ఉంటుంది, మధ్యలో రెండు గోడలు, ఒక ఇనుప తలుపు. ఎక్కువ వైఫై కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ మీదనే పనిచేస్తాయి. అది గోడలను 5 గిగాహెర్ట్జ్ కంటే కొంత మెరుగ్గా దాటుతుంది గానీ, పక్కింటి రౌటర్లు, బ్లూటూత్, వంటింటి మైక్రోవేవ్ అన్నీ దాని మీదే రద్దీ చేస్తాయి. ఈ పట్టీలో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మాత్రమే. రౌటర్‌లో చానల్‌ను ‘ఆటో’ నుంచి తప్పించి, ఈ మూడింట్లో చుట్టుపక్కల తక్కువగా వాడుతున్నదానికి మారిస్తే, పట్టణంలోని ఇరుకు వీధుల్లో వెంటనే తేడా కనిపించవచ్చు.

కెమెరా యాప్‌లో సిగ్నల్ బలాన్ని మైనస్ అంకెల్లో చూపిస్తే దాన్ని నమ్మవచ్చు. డీబీఎం అనేది సిగ్నల్ బలానికి కొలత. మైనస్ 60 డీబీఎం వరకు హాయిగా ఉంటుంది, మైనస్ 70 దగ్గర అనుమానం మొదలవుతుంది, మైనస్ 80 దాటితే వీడియో నిలవదు. అంకెలు లేకుండా సిగ్నల్ గీతలు మాత్రమే చూపిస్తే, కెమెరా ఉన్న చోటనే ఫోన్ పట్టుకుని సిగ్నల్ చూడాలి. కెమెరా యాంటెనా ఫోన్ కంటే చిన్నది కావచ్చు కాబట్టి అక్కడ ఫోన్‌కు బొటాబొటీగా అందితే కెమెరాకు అందనట్టే లెక్క.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. వైఫైలో అందరూ ఒకే గాలిని వంతులవారీగా వాడుకుంటారు. సిగ్నల్ అందని కెమెరా అదే బొమ్మను నెమ్మదైన వేగంతో, పోయిన ముక్కలను మళ్లీ మళ్లీ పంపుతూ, తన వంతును చాలాసేపు పట్టుకుని కూర్చుంటుంది. దానివల్ల రౌటర్ పక్కనే ఉన్న మంచి కెమెరా కూడా ఆగుతుంది. గేటు కెమెరా ఒక్కదాన్ని తీసేసి చూస్తే మిగిలిన మూడూ చక్కబడ్డాయంటే దోషి అదే. దానికి వైఫై రిపీటర్ తగిలిస్తే కొంత ఉపశమనం ఉంటుంది గానీ, అది కూడా అదే గాలిని రెండుసార్లు వాడుతుంది. నిలకడ కావాలంటే తీగ లాగడమే మేలు. ఈథర్‌నెట్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, పీఓఈ స్విచ్ పెడితే కరెంటు కూడా ఆ తీగ మీదనే కెమెరాకు అందుతుంది. ఇల్లు కడుతున్నప్పుడే గేటు దాకా ఒక పైపు వేసి ఉంచుకుంటే, తర్వాత గోడలు పగలగొట్టే బాధ తప్పుతుంది.

రాత్రి పూట మాత్రమే చెడే కెమెరా

పగలంతా బాగుండి, చీకటి పడగానే బొమ్మ పోయి, తిరిగి వచ్చి, మళ్లీ పోయే కెమెరా గురించి అడిగితే మొదట చూడవలసింది దాని అడాప్టర్, తీగ. చీకట్లో కెమెరా తన చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలను వెలిగించుకుంటుంది కాబట్టి పగటి కంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. అడాప్టర్ డీవీఆర్ దగ్గర ఉండి, కెమెరా 40 మీటర్ల దూరాన ఉంటే, ఆ కరెంటు పోను రాను 80 మీటర్ల తీగలో ప్రయాణించాలి. 0.5 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి తీగ అయితే ఆ దూరానికి నిరోధం సుమారు 2.75 ఓమ్‌లు. అర ఆంపియర్ ప్రవహిస్తే 1.4 వోల్టులు దారిలోనే పోయి, 12 బదులు 10.6 వోల్టులు చేరతాయి. దాన్ని చాలా కెమెరాలు తట్టుకుంటాయి. కానీ చవకగా దొరికే కేబుళ్లలో అంతకంటే సన్నని తీగ ఉంటుంది, పైగా అల్యూమినియం మీద రాగి పూత పూసినది అయితే నిరోధం మరో ఒకటిన్నర రెట్లవుతుంది. అప్పుడు కెమెరా దీపాలు వెలిగించగానే వోల్టేజీ పడిపోయి అది ఆగిపోతుంది, ఆగగానే భారం తగ్గి మళ్లీ లేస్తుంది, దీపాలు వెలిగిస్తుంది, మళ్లీ ఆగుతుంది. రాత్రంతా ఇదే తంతు. రాత్రి దీపాలు వెలిగి ఉండగా కెమెరా చివర మల్టీమీటర్ పెట్టి కొలవమని మెకానిక్‌ను అడగాలి. పగలు కొలిస్తే లోపం దొరకదు. ఆ కెమెరాకు దగ్గరలోనే విడి అడాప్టర్ ఇవ్వడం తేలికైన పరిష్కారం.

కరెంటు విషయంలో ఇంకో భ్రమ కూడా ఉంది. ఎండాకాలం బోర్లన్నీ ఒకేసారి నడిచే వేళ ఊళ్లో వోల్టేజీ తగ్గుతుంది, అందుకే కెమెరా ఆగుతోందని అనుకుంటారు. అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని రాసి ఉంటే 170 వోల్టులకు అది బెదరదు. దెబ్బతీసేది క్షణకాలం కరెంటు పోయి రావడం. బల్బు రెప్పపాటు మాత్రమే ఆరుతుంది, రౌటర్ మాత్రం మొత్తం మొదటి నుంచి లేస్తుంది, నెట్ తిరిగి అందడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, అది ‘నార్మల్’ మోడ్‌లో ఉంటే కరెంటు మారే ఆ కొద్దిసేపటికే రౌటర్ పడిపోవచ్చు. ‘యూపీఎస్’ మోడ్‌లో పెడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. లేదా రౌటర్‌కు విడిగా 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకోవాలి. ఫైబర్ పెట్టె, రౌటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ కావాలి.

కరెంటు పోయి వచ్చాక డీవీఆర్ ఎంతకూ ఆన్‌లైన్‌లోకి రాకపోతే దాని తేదీ, సమయం చూడండి. లోపలి గుండీ బ్యాటరీ అయిపోయిన డీవీఆర్ లేచినప్పుడల్లా ఏళ్ల కిందటి తేదీకి వెళ్లిపోతుంది. సర్వర్‌తో భద్రంగా మాట్లాడాలంటే రెండు వైపులా సమయం సరిపోలాలి, లేకపోతే సర్వర్ చూపించే ధ్రువపత్రం చెల్లనిదిగా కనిపించి కనెక్షన్ తెగుతుంది. కొద్ది రూపాయల బ్యాటరీ మార్చి, సమయాన్ని ఇంటర్నెట్ నుంచి తీసుకునే ఎన్‌టీపీ సెట్టింగును తెరిచి ఉంచితే ఈ బాధ తీరుతుంది.

రౌటర్ మార్చిన మర్నాడు

పిడుగు పడి పాత ఫైబర్ పెట్టె కాలిపోయిందని ఆపరేటర్ కొత్తది పెట్టి వెళ్తాడు. ఫోన్లన్నీ పనిచేస్తాయి, కెమెరాలు మాత్రం రావు. వైఫై కెమెరాల విషయంలో కారణం సులభం: వాటికి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే తెలుసు. కొత్త రౌటర్‌కు అవే పేరు, పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా పెట్టిస్తే కెమెరాలు వాటంతటవే కలుస్తాయి, నిచ్చెన ఎక్కవలసిన పని ఉండదు. డీవీఆర్ విషయంలో, బిగించినవాళ్లు దానికి 192.168.1తో మొదలయ్యే స్థిర ఐపీ చిరునామా, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే అంకె, రాసి ఉంటారు. కొత్త రౌటర్ 192.168.0 వరుసలోనో మరో వరుసలోనో ఉంటే డీవీఆర్‌కు బయటికి దారి తెలియదు. దాని నెట్‌వర్క్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీని ఆన్ చేస్తే రౌటర్ ఇచ్చే కొత్త చిరునామాను అదే తీసుకుంటుంది. తర్వాత రౌటర్‌లోనే ఆ చిరునామాను డీవీఆర్‌కు కేటాయించి ఉంచడం ఉత్తమం. రోజుల తరబడి బాగుండి అప్పుడప్పుడు మాత్రమే మాయమయ్యే డీవీఆర్‌కు కూడా తరచుగా ఇదే జబ్బు: దానికి రాసిన స్థిర చిరునామానే రౌటర్ ఇంటికొచ్చిన చుట్టాల ఫోన్‌కు ఇచ్చేస్తుంది, రెండూ తగాదా పడతాయి.

ఇల్లు దాటాక

మన దగ్గర చాలా నెట్ కంపెనీలు ఒకే బయటి చిరునామాను అనేక ఇళ్లకు కలిపి ఇస్తాయి. రౌటర్ లోపలి పేజీలో మీ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే మీరు అలాంటి ఉమ్మడి చిరునామా వెనుక ఉన్నట్టే. ఈ ఏర్పాటును సీజీనాట్ అంటారు. దీని వెనుక ఉన్న ఇంట్లో ఎవరు ఎంత ‘పోర్ట్ ఫార్వర్డింగ్’ చేసినా, అంటే బయటి నుంచి నేరుగా డీవీఆర్‌కు దారి తెరిచేలా రౌటర్‌ను ఎంత సర్దినా, ఫలితం ఉండదు. కెమెరా కంపెనీల క్యూఆర్ కోడ్ పద్ధతి ఈ అడ్డంకిని దాటడానికే వచ్చింది. డీవీఆర్, ఫోన్ రెండూ కంపెనీ సర్వర్‌ను పలకరిస్తే, అది వాటిని నేరుగా కలపడానికి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే వీడియోనంతా తన మీదుగా మళ్లిస్తుంది. ఆ రెండో దారి నెమ్మదైనది. కొన్ని యాప్‌లు ఆ దారిలో కొద్ది నిమిషాలకే చూపడం ఆపేస్తాయి కూడా. ఇంటి నెట్ నుంచి చూస్తే బాగుండి మొబైల్ డేటాలో మాత్రం ప్రతిసారీ కొంతసేపటికి తెగుతుంటే ఇది జరుగుతోందని అనుకోవచ్చు. ఆపరేటర్‌ను అడిగితే అదనపు రుసుముతో విడి చిరునామా ఇవ్వవచ్చు.

అయితే విడి చిరునామా తీసుకుని డీవీఆర్‌ను ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తోనే వదిలేయడం ప్రమాదం. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ సరిగ్గా అలాంటి కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల సంఖ్యలో చేజిక్కించుకుని, అక్టోబర్ 21న, వెబ్‌సైట్ల పేర్లను బట్టి వాటి చిరునామాలు చెప్పే డైన్ అనే సంస్థపై దాడికి వాడటంతో అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల పాటు అందకుండా పోయాయి. అలా చిక్కిన డీవీఆర్ ఇంటి అప్‌లోడ్‌ను పరాయి పనికి ఖర్చు పెడుతుంది, ఇంటివాళ్లకు మాత్రం ‘లైవ్ నెమ్మదించింది’ అని తోస్తుంది. పాస్‌వర్డ్ మార్చడం, ఫర్మ్‌వేర్‌ను, అంటే డీవీఆర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ను, తాజాగా ఉంచడం, ఎవరెవరి ఫోన్లలో ఈ డీవీఆర్ కలిసి ఉందో చూసి అక్కరలేని వాటిని తీసేయడం ఇందుకే అవసరం.

చేను దగ్గరి కెమెరా లెక్క వేరు

బత్తాయి తోటల్లో, బోరు మోటార్ల దగ్గర సిమ్ కార్డుతో, సోలార్ పలకతో నడిచే కెమెరాలు ఇప్పుడు చాలా కనబడుతున్నాయి. స్టార్టర్లు, కేబుళ్లు దొంగలపాలవుతున్న చోట అవి రైతుకు నిజంగా ధైర్యం. కానీ వాటి లైవ్ ఎందుకు ఆగుతుందో సిమ్ ప్లాన్‌లోనే రాసి ఉంటుంది. 1 ఎంబీపీఎస్ వీడియో గంటకు 450 ఎంబీ తింటుంది. రోజుకు 2 జీబీ ప్లాన్ అయితే నాలుగున్నర గంటలలోపే అయిపోతుంది, ఆ తర్వాత చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడుతుంది, దాంతో బొమ్మ రాదు. అర్ధరాత్రి డేటా మళ్లీ మొదలవగానే కెమెరా తిరిగి లేస్తుంటే అనుమానమే అక్కరలేదు. ఎప్పుడూ చూస్తూ ఉండక, కదలిక ఉన్నప్పుడు హెచ్చరిక వస్తే తెరిచి చూసే పద్ధతికి మారాలి. బ్యాటరీ కెమెరాలు నిద్రలో ఉంటాయి కాబట్టి యాప్ తెరిచాక లేచి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అది లోపం కాదు. అమ్రాబాద్ వైపు నల్లమల అంచున టవర్లు పలుచగా ఉన్న ఊళ్లలో, ఏ కంపెనీ సిమ్ ఆ చేనులో అందుతుందో ఫోన్‌తో చూసుకున్న తర్వాతే కెమెరా కొనాలి. వానల్లేక దుమ్ము పట్టిన సోలార్ పలకను తుడవడం కూడా ఇందులో భాగమే.

ఎండ సంగతి కూడా చెప్పాలి. మే నెలలో 44, 45 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో, పడమటి గోడ మీద నేరుగా ఎండ తగిలే కెమెరా డబ్బా లోపల వేడి అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య మాత్రమే ఆగే కెమెరాకు ఒక చిన్న రేకు నీడ చాలు. డీవీఆర్‌ను గాలాడని అల్మారాలో పెట్టి తాళం వేయడం కూడా అలాంటి పొరపాటే, దానివల్ల లోపలి హార్డ్ డిస్క్ పాడవుతుంది. పాడవుతున్న డిస్క్ రికార్డింగ్‌నే కాదు, ఒక్కోసారి లైవ్‌ను కూడా బిగదీస్తుంది.

ఇక ఊళ్లో స్తంభాల మీది ఫైబర్. కోతులు దాని మీద ఊగి తెంపడం, వంచడం మన ఊళ్లలో కొత్త విషయం కాదు. పూర్తిగా తెగితే ఫైబర్ పెట్టె మీద ‘లాస్’ దీపం ఎర్రగా వెలుగుతుంది, ఎవరికైనా తెలుస్తుంది. వంగినప్పుడు మాత్రం దీపాలన్నీ పచ్చగానే ఉండి, వెలుతురు బలం తగ్గి, వీడియో ఆగి ఆగి వస్తుంది. పెట్టె లోపలి పేజీలో ‘ఆర్‌ఎక్స్ పవర్’ అనే అంకె దీన్ని చెప్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే మంచిది, మైనస్ 27 దాటితే లైన్‌ను బాగుచేయవలసిందే.

ఆపరేటర్‌కు ఫోన్ చేసేటప్పుడు ‘నెట్ వస్తలేదు’ అని మాత్రమే చెప్తే అతడు రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమంటాడు, మాట అక్కడితో ముగుస్తుంది. ‘మానిటర్ మీద, ఇంటి వైఫైలో బాగుంది, మొబైల్ డేటాలో రావడం లేదు, రాత్రి ఎనిమిదింటికి అప్‌లోడ్ ఇంత వచ్చింది, ఆర్‌ఎక్స్ పవర్ ఇంత ఉంది’ అని చెప్తే అతడికి లైన్ చూడటానికి మనిషిని పంపడం తప్ప వేరే దారి ఉండదు. వచ్చిన మనిషి కూడా ప్లాన్ పెంచుకోమనే అంటే, పెంచితే అప్‌లోడ్ ఎంత పెరుగుతుందో అడిగి, ఆ అంకెను మీ కెమెరాల సబ్ స్ట్రీమ్ మొత్తంతో పోల్చి చూసుకున్నాకే డబ్బు కట్టండి.